మూకీల సులోచన (రూబీ మయర్స్) – వ్యాసం రాసే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

తెనాలివాసి
సులోచన మీద తెలుగులో ఒక పూర్తి వ్యాసం సిద్ధం చేస్తున్నాను. ఇంద్రజిత్తు భార్య కాదు, ముక్కు మీద పెట్టుకునే సులోచనాలూ కావు. 1925 నుంచి మూకీల కాలం ముగిసేదాకా బొంబాయి తెరను ఏలిన రూబీ మయర్స్. ఇంతవరకు ఖరారైనవి ఇవి: 1907లో పుణేలో పుట్టుక, బాగ్దాదీ యూదు కుటుంబం, టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగం, కోహినూర్ ఫిల్మ్ కంపెనీ దర్శకుడు మోహన్ భవనాని కంట పడటం, 1925లో ‘వీర్ బాలా’, తర్వాత ఆర్దేశిర్ ఇరానీ ఇంపీరియల్ కంపెనీ, 1973 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం, 1983 అక్టోబర్ 10న బొంబాయిలో మరణం.

తేలనివి నాలుగు. జీతం బొంబాయి గవర్నరు కంటే ఎక్కువట, నిజమా? ఒకే సినిమాలో ఎనిమిది వేషాలు వేసిందట, ఆ రోజుల్లో అదెలా కుదిరింది? మన తొలి టాకీ ‘ఆలం ఆరా’లో ఆమె ఎందుకు లేదు? ఇక ఆమె సినిమాలు అన్నీ ఒకే పేరుతో రెండేసి కనిపిస్తున్నాయి, ఫోటో దొరికితే అది మూకీదా టాకీదా అని ఎలా పట్టుకోవాలి?

పాతరీలు
నాలుగో దాంతో మొదలుపెడదాం, మిగతా చిక్కులన్నీ అక్కణ్ణుంచే పుట్టాయి. టాకీలొచ్చాక ఇంపీరియల్ ఆమె మూకీ విజయాలనే మాటలు కలిపి మళ్ళీ తీసింది. ‘మాధురి’ 1928 మూకీ, 1932 టాకీ. ‘అనార్కలి’ 1928, 1935. ‘ఇందిరా బీ.ఏ.’ 1929లో వస్తే, 1934లో అదే అమ్మాయి పై చదువు చదివినట్టు ‘ఇందిరా ఎం.ఏ.’ అయింది. ‘వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే’ 1927 మూకీ, దాని టాకీ ‘బంబయీ కీ బిల్లీ’ 1936. రెండు జన్మలకూ నాయిక ఒకరే కాబట్టి ఏడాది రాయకుండా పేరొక్కటే రాస్తే చదివేవాడు తప్పకుండా తికమక పడతాడు.

ఇంకో చిక్కు, మూకీలకు రెండు పేర్లుండేవి: ఇంగ్లీషులో ఒకటి, గుజరాతీలోనో హిందీలోనో ఇంకొకటి. చందులాల్ షా తీసిన ‘టైపిస్ట్ గర్ల్’ (1926) ‘వై ఐ బికేమ్ ఎ క్రిస్టియన్’ అన్న పేరుతోనూ నడిచింది. ఇది తెలియక వాటిని రెండు సినిమాలుగా లెక్కేసిన జాబితాలు తిరుగుతున్నాయి. చిత్రావళి తయారుచేసేటప్పుడు ఒక్కో సినిమాకు కంపెనీ, దర్శకుడు, ఏడాది మూడూ పక్కపక్కనే రాసుకోండి. మూడూ ఒకటే అయి పేర్లు మాత్రం వేరైతే అనుమానించాలి.

ఏడాది విషయంలోనూ జాగ్రత్త. అప్పట్లో సెన్సారు దేశమంతటికీ ఒకటి కాదు. బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్ బోర్డులు ఎవరికి వారే. సెన్సారు తేదీ ఒక ఏడాది చివర, విడుదల ఇంకో ఏడాది మొదట్లో ఉంటే రెండు సంవత్సరాలూ ప్రచారంలోకి వస్తాయి. మీ వ్యాసంలో ఏదో ఒకే పద్ధతి పట్టుకోండి.

లెక్కలమాస్టారు
గవర్నరు జీతం కథను పక్కన పెట్టేయండి. సులోచనకు నెలకు 5,000 రూపాయలు ముట్టేదని అందరూ రాసేదే, దాంతో పేచీ లేదు. అంటే ఏడాదికి 60,000. 1919 నాటి భారత ప్రభుత్వ చట్టం షెడ్యూలులో బొంబాయి, మద్రాసు, బెంగాల్ గవర్నర్లకు గరిష్ఠ జీతం ఏడాదికి 1,28,000 అని ఉంది. నెలకు పది వేల పైమాటే, భత్యాలు వేరే. సగం కూడా కాని అంకెను ఎక్కువ అని ఎలా అంటాం? ఆ మాట పత్రికల పొగడ్తగా మొదలై తర్వాత నిజంలా స్థిరపడి ఉంటుంది.

అంకె ఒక్కటీ చాలు అసలు. 1920ల్లో నెలకు అయిదు వేలంటే మామూలు మాటా! దాని పక్కన గవర్నర్ని నిలబెట్టక్కర్లేదు.

తెనాలివాసి
బ్రతికించారు మాస్టారూ, ఆ వాక్యాన్నే మొదటి పేరాలో పెట్టబోయాను. కొట్టేశాను.

నలుపుతెలుపు
ఎనిమిది వేషాల సంగతి. ‘వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే’లో ఆమె తోటమాలి, పోలీసు, హైదరాబాదీ పెద్దమనిషి, వీధి కుర్రాడు, అరటిపళ్ళు అమ్మే మనిషి, బంగారు జుట్టు ఐరోపా యువతి, ఇలా ఎనిమిది అవతారాల్లో కనిపిస్తుంది. మనవాళ్ళకు హైదరాబాదీ వేషం దగ్గర ఆసక్తి పుట్టడం సహజం.

అసలు పని మేకప్ దగ్గర. అప్పటి ముడి ఫిల్ము ఆర్థోక్రోమాటిక్ రకం. దానికి నీలం బాగా కనిపిస్తుంది, ఎరుపు దాదాపు కనపడదు. అంటే ఎర్ర చీర తెర మీద నల్ల చీర, కుంకుమబొట్టు నల్లబొట్టు, లేత నీలం చీర తెల్ల చీర, నీలాకాశం వట్టి సున్నం కొట్టిన గోడ. చర్మంలో సహజంగా ఉండే ఎరుపు కూడా మచ్చలుగా నల్లబడుతుంది. అందుకే ముఖమంతా మందంగా లేత రంగు గ్రీజుపెయింటు పట్టించి ఆ ఎరుపును కప్పేసేవారు. పెదవులకు మామూలు ఎర్రరంగు దట్టంగా వేస్తే నోరు నల్లటి కన్నంలా ఉంటుంది, కాబట్టి పలచగా వేయాలి. మూకీల ఫోటోల్లో ఆడా మగా అందరికీ కళ్ళూ పెదవులూ బొగ్గుతో దిద్దినట్టుండటానికి ఇదే కారణం. వాళ్ళ అభిరుచి అలా ఏడవలేదు.

మగవేషానికి మీసం గమ్ముతో అంటించేవారు. ఆ కాలపు చిత్రీకరణ ఎక్కువగా ఎండ వెలుతురులోనే, పైన తెల్లగుడ్డ పరదా కట్టి, పక్కనుంచి వెండిరేకు అంటించిన పలకలతో వెలుగు మళ్ళించి. ఆ వేడికి చెమట పడితే గమ్ము అంచులు లేస్తాయి. దూరపు షాట్లో దాగినా ముఖం దగ్గరగా తీసినప్పుడు పట్టిస్తుంది.

హ్యాండిల్‌రాజు
డబుల్ ఎక్స్‌పోజర్ (ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీయడం) సంగతి కూడా చెప్పండి, ఎనిమిది పాత్రలంటే అది లేకుండా కాదు కదా. చేత్తో తిప్పే కెమెరాలో ఒక చుట్టుకు 8 ఫ్రేములు. సెకనుకు రెండు చుట్లంటే 16 ఫ్రేములు. 20 సెకన్ల షాటుకు 40 చుట్లు, 320 ఫ్రేములు, 20 అడుగుల ఫిల్ము. లెన్సు ముందు సగం నల్ల అట్ట పెట్టి ఎడమ సగం తీసి, లెన్సు మూసి సరిగ్గా 40 చుట్లు వెనక్కి తిప్పి, అట్టను అటువైపు మార్చి కుడి సగం తీస్తారు. అరచుట్టు తేడా వస్తే 4 ఫ్రేములు, పావు సెకను. ఒకరు అడగకముందే ఇంకొకరు తల ఊపినట్టుంటుంది. స్టాండు వెంట్రుకవాసి కదిలినా మధ్యలో గీత కనపడుతుంది.

నలుపుతెలుపు
లెక్క సరే రాజుగారూ, కానీ ఇక్కడికి అతకదు. డబుల్ ఎక్స్‌పోజర్ కావాల్సింది ఒకే ఫ్రేములో ఒకే మనిషి రెండుసార్లు కనపడాలంటే, అంటే కవలల కథలో. ఇక్కడున్నవి మారువేషాలు. ఒక్కో వేషం విడిగా, ఒక్కో సన్నివేశంలో తీస్తే చాలు, కెమెరా మాయ అక్కర్లేదు. కాబట్టి వ్యాసంలో ‘ట్రిక్ ఫోటోగ్రఫీ’ అని రాయకండి. అక్కడ కష్టమంతా నడకలో, నిలబడే తీరులో. పోలీసు చేతులు ఎక్కడ పెట్టుకుంటాడు, తోటమాలి ఎలా వంగుతాడు అన్నది గొంతు సాయం లేకుండా చూపించాలి.

హ్యాండిల్‌రాజు
ఒప్పుకున్నాను. చుట్ల లెక్క మాత్రం ఉంచండి, వేరే చోట పనికొస్తుంది.

కృష్ణాతీరం
అసలు ఆమెలాంటివాళ్ళకు దారి ఎలా దొరికిందో కూడా రాయాలి. 1913 ‘రాజా హరిశ్చంద్ర’లో తారామతి వేసింది సాలుంకే అనే మగమనిషి. అదే ఏడాది ఫాల్కే ‘మోహినీ భస్మాసుర్’లో దుర్గాబాయి కామత్, ఆమె కూతురు కమలాబాయి తెరకెక్కారు. అయినా పరువుగల ఇంటి ఆడపిల్ల సినిమాలోకి రావడమనేది ఇంకా చాలాకాలం జరగలేదు. ఆ ఖాళీలోకి ఆంగ్లో ఇండియన్, యూదు అమ్మాయిలు వచ్చారు: కలకత్తాలో పేషన్స్ కూపర్, సీతాదేవిగా రెనీ స్మిత్, బొంబాయిలో రూబీ మయర్స్. మన వైపు చూసినా అంతే. రఘుపతి వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్ మద్రాసులో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ (1921)లో గంగ వేషం పెగ్గీ కాస్టెల్లో అనే ఇంగ్లీషు యువతిది.

వాళ్ళకు పౌరాణికపు పేర్లు పెట్టడం వ్యాపారమే. రూబీ అంటే పరాయిది, సులోచన అంటే మనింటి అమ్మాయి. పైగా మాట వినపడని తెర మీద నటికి కళ్ళే సర్వస్వం, ఆ పేరుకు అర్థమే మంచి కళ్ళు కలది. ఎవరు ఎంచారో కానీ తూకంగా ఎంచారు.

ఒక తేడా గమనించండి. ఆమెకు పేరు తెచ్చినవి పురాణాలకంటే సాంఘికాలు. ‘సినిమా క్వీన్’, ‘టైపిస్ట్ గర్ల్’, ‘ఇందిరా బీ.ఏ.’: అన్నీ ఉద్యోగం చేసే, చదువుకున్న, పట్నపు ఆడపిల్లలు. టైపిస్ట్ గర్ల్‌ను పదిహేడు రోజుల్లో చుట్టేశారు. అందులో ఇంకో నటి గోహర్ కూడా ఉంది, మగపాత్రలో మన దక్షిణాది రాజా శాండో.

పాతరీలు
1928 ‘అనార్కలి’ది మంచి కథ, దాటేయకండి. అదే కథను గ్రేట్ ఈస్టర్న్ కంపెనీ సీతాదేవితో ‘లవ్స్ ఆఫ్ ఎ మొఘల్ ప్రిన్స్’గా భారీగా తీస్తోంది. ఇరానీ అది చూసి ఆర్.ఎస్. చౌధరి చేత చకచకా తీయించి ముందే వదిలేశాడు. బొమ్మ ఆడేసింది, రెండోది వెలవెలబోయింది. ఆ తర్వాత 1935లో మళ్ళీ ఆమే అనార్కలి. 1953 హిందీ ‘అనార్కలి’లో మాత్రం సలీం తల్లి జోధాబాయి. ఒకే కథలో పాతికేళ్ళలో ప్రేయసి నుంచి అత్తగారి దాకా. తెలుగులో అంజలీదేవి, ఏఎన్నార్ ‘అనార్కలి’ 1955ది, దానికీ ఈమెకూ సంబంధం లేదు. శీర్షిక చూసి కలపకండి.

లాంతరుస్లైడు
‘ఆలం ఆరా’ ప్రశ్న. ఇరానీ మొదట అనుకున్న నాయిక సులోచనే. హిందుస్తానీ పలకడం రాక ఆ వేషం జుబేదాకు పోయింది. మూకీలో ఏ భాషలో పెదవి కదిపినా మధ్యలో వచ్చే రాతపలక పని చూసుకుంటుంది. ఆ పలక మీద రెండు మూడు లిపులు ఉండేవి, చదవగలిగినవాడు హాల్లో గట్టిగా చదివేవాడు. టాకీలో ఆ సదుపాయం పోయింది.

దానికి తోడు అప్పటి రికార్డింగు పద్ధతి. ‘ఆలం ఆరా’కు తెచ్చింది టనార్ యంత్రం. బొమ్మా శబ్దమూ ఒకే ఫిల్ము మీద, ఒకేసారి పడతాయి. విడిగా శబ్దం ఉండదు కాబట్టి తర్వాత గొంతు మార్చి అతికించడం కుదరదు. ఉచ్చారణ తప్పితే షాటంతా మళ్ళీ తీయాలి. స్టూడియో పక్కన రైలుపట్టాలు, అందుకని రైళ్ళు ఆగిన అర్ధరాత్రి దాటాక తీసేవారు. మైకులు కనపడకుండా దాచి నటులు వాటికి అందేలా నిలబడాలి. ఇన్ని ఇబ్బందుల మధ్య భాష రాని నాయికను పెట్టుకోవడం ఎవరికైనా భయమే. ఆ బొమ్మ 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్‌లో విడుదలైంది.

సులోచన ఒక ఏడాది పని ఆపి హిందుస్తానీ నేర్చుకుని 1932లో టాకీ ‘మాధురి’తో తిరిగొచ్చింది. కాబట్టి ‘టాకీలు రాగానే ఆమె కెరీర్ ముగిసింది’ అన్న వాక్యం ఎక్కడైనా కనపడితే తప్పని రాయండి. దిన్షా బిల్లిమోరియాతో జంటగా 1930లంతా నటించింది, రూబీ పిక్స్ అనే సొంత సంస్థ కూడా పెట్టింది. జారిపోవడం ఆ దశాబ్దం రెండో సగంలో. బిల్లిమోరియాతో జంట విడిపోయింది, పాడగలిగిన కొత్తవాళ్ళు వచ్చారు. ఇంపీరియల్ కూడా 1938లో మూతపడింది. అక్కణ్ణుంచి అమ్మ వేషాలు, చిన్న వేషాలు.

కృష్ణాతీరం
ఆ ఇంపీరియల్‌తోనే తెలుగువాళ్ళకు నిజమైన లంకె. హెచ్.ఎం. రెడ్డిగారు అక్కడ పని నేర్చుకుని, అదే ఇరానీ అండతో ‘కాళిదాస్’ (1931), తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) తీశారు. ఎల్.వి. ప్రసాద్ ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్త ప్రహ్లాద’ మూడింటిలోనూ ఉన్నారు. ‘ప్రహ్లాద’లో లీలావతి సురభి కమలాబాయి. ఇది పక్కపక్కన పెట్టి చూడాల్సిన విషయం. మూకీ రాణికి అడ్డొచ్చినది భాష, పాట. ఆ రెండూ సురభి నాటక సమాజం నుంచి వచ్చిన కమలాబాయికి పుట్టుకతో అబ్బినవి. టాకీలు ఎవరిని దించాయో, ఎవరిని ఎక్కించాయో ఒకే కంపెనీ నీడలో కనిపిస్తుంది.

ఫాల్కే జాబితాలో కూడా చూడండి: 1973 సులోచన, 1974 బి.ఎన్. రెడ్డి, 1980 కరీంనగర్‌లో పుట్టి 1929లో మూకీలతో మొదలుపెట్టిన పైడి జైరాజ్, 1982 ఎల్.వి. ప్రసాద్.

తెనాలివాసి
ఈ పేరాకు విడిగా ఉపశీర్షిక పెడతాను. ఇప్పుడు ఫోటోల సంగతి చెప్పండి. యూట్యూబులో ‘సులోచన మూకీ’ అని ఒక ముక్క తిరుగుతోంది, మనుషులు గెంతుతూ నడుస్తున్నారు.

హ్యాండిల్‌రాజు
గెంతడం గురించి. 35 మి.మీ. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. 1,000 అడుగుల రీలు సెకనుకు 16 ఫ్రేముల వేగంతో 16 నిమిషాల 40 సెకన్లు నడుస్తుంది. టాకీ వేగం 24తో ఆడిస్తే 11 నిమిషాల 7 సెకన్లే. పది రీళ్ళ సినిమాలో దాదాపు గంట మాయమైపోతుంది, నటి ఆచితూచి చేసిన చూపు కోతిచేష్టలా ఉంటుంది. కాబట్టి మూకీ నటన ‘అతి’ అని తీర్పు చెప్పేముందు వేగం సరిచూడండి. ప్లేయర్‌లో 0.67 పెడితే 16కి వస్తుంది, 0.75 పెడితే 18కి. చేత్తో తిప్పిన బొమ్మ కాబట్టి ఒకే రీల్లో కూడా వేగం మారుతుంటుంది. మనిషి నడక, గుర్రం పరుగు, పోసే నీళ్ళు చూసి సర్దుకోవాలి. కొన్ని ప్రతుల్లో ప్రతి రెండో ఫ్రేమును రెండుసార్లు అచ్చేసి 16ను 24 చేశారు. అలాంటిది మళ్ళీ నెమ్మది చేస్తే ఈడుస్తుంది, ముట్టుకోకండి.

పాతరీలు
అయితే ఆ ముక్క ఆమె మూకీ అని నమ్మవద్దు. మన దేశంలో 1,300కి పైగా మూకీలు తీశారు. అంతో ఇంతో మిగిలినవి ముప్పై లోపే. ఆమె పేరుమోసిన మూకీలేవీ అందులో లేవు. సీతాదేవి నటించిన ‘లైట్ ఆఫ్ ఆసియా’, ‘షిరాజ్’, ‘ఎ త్రో ఆఫ్ డైస్’ మిగిలాయంటే అవి జర్మన్ భాగస్వామ్యంతో తీసినవి కావడం, ప్రతులు ఐరోపాలో ఉండిపోవడం కారణం. ఇంపీరియల్ మూకీలకు ఆ అదృష్టం లేదు. టాకీలొచ్చిన మర్నాటి నుంచి మూకీ ప్రతికి బజారు విలువ అందులోని వెండే. రసాయనంలో కడిగి వెండి తీసుకున్నారు. మిగిలినవి ఇట్టే అంటుకునే నైట్రేటు ఫిల్ములు, తమంత తామే జిగురై, పొడై పోయాయి. ఎవరికైనా పాత రీలు దొరికితే అంచున నైట్రేటు అని ఉందా సేఫ్టీ అని ఉందా చూడండి. నైట్రేటైతే ప్రొజెక్టరు ఎక్కించవద్దు, దీపం దగ్గరికి తేవద్దు, పుణే ఫిల్ము ఆర్కైవుకు చెప్పండి.

ఇక స్టిల్స్. సినిమా స్టిల్ ఫిల్ము ముక్క కాదు, సెట్లో వేరే కెమెరాతో తీసింది, కాబట్టి ఫ్రేము కొలతలతో తేల్చలేం. చుట్టూ ఉన్న కాగితం చూడాలి. కథాసంగ్రహం మాత్రమే ఉన్న కరపత్రమైతే మూకీది కావచ్చు. పాటల సాహిత్యం ఉంటే కచ్చితంగా టాకీదే, అంటే ఆ ‘మాధురి’ 1932ది. సంగీత దర్శకుడి పేరున్నా అంతే. పక్కన నటులెవరో చూడండి, బట్టలో ఎరుపనుకున్నది నల్లగా పడిందేమో చూడండి. 1920ల చివరికొచ్చేసరికి ఎరుపును కూడా పట్టే ప్యాంక్రోమాటిక్ ఫిల్ము వచ్చింది, చర్మపు ఛాయ మెత్తబడింది. ఇదొక్కటే సాక్ష్యంగా చాలదు, మిగతావాటికి తోడుగా పనికొస్తుంది.

లాంతరుస్లైడు
ఒక మినహాయింపు. మూకీ మాధురిలో ఆమె నాట్యాన్ని, గాంధీగారు ఖాదీ ప్రదర్శన ప్రారంభించిన చిన్న చిత్రానికి తోడుగా, శబ్దం జతచేసి ప్రదర్శించారు. అందువల్ల ‘శబ్దం ఉంది కాబట్టి 1932ది’ అనే సూత్రం ఆ నాట్యం దగ్గర తప్పుతుంది. ఆమెకున్న జనాకర్షణకు అంతకంటే కొలత ఏం కావాలి!

కృష్ణాతీరం
పేరు తికమక కూడా ఒకటుంది. మరాఠీ, హిందీ చిత్రాల్లో అమ్మ వేషాలు వేసిన సులోచనా లాట్కర్ వేరు. 1950ల తర్వాత టైటిళ్ళలో ‘సులోచన’ అని ఒంటిగా ఉంటే ఈమె అని గుడ్డిగా చేర్చవద్దు. ముఖం పోల్చుకున్నాకే చేర్చాలి. ఇక బొమ్మ పెట్టుకోవాలంటే 2013లో భారతీయ సినిమా వందేళ్ళకు తపాలా శాఖ వేసిన యాభై బిళ్ళల్లో ఆమెది ఉంది.

తెనాలివాసి
మొదటి పేరా ఇలా మార్చాను, చూడండి:

‘సులోచన (రూబీ మయర్స్, 1907–1983) బొంబాయి మూకీల అగ్రనటి. కోహినూర్, ఇంపీరియల్ సంస్థల సాంఘిక చిత్రాలతో పేరు పొందింది. నెలకు 5,000 రూపాయల జీతం తీసుకుంది. హిందుస్తానీ రాక ‘ఆలం ఆరా’ అవకాశం పోగొట్టుకుని, ఏడాది పాటు నేర్చుకుని, 1932లో ‘మాధురి’తో తొలిసారి ఆ పాత్రలో నటించింది.’

పాతరీలు
అంతా బాగుంది, చివరి ముక్క తప్ప. ఆ పాత్రలో ‘తొలిసారి’ 1928లోనే నటించింది. 1932లో తొలిసారి మాట్లాడింది.

తెనాలివాసి
దిద్దాను.